ముందుగా విప్పి చదివినవారికి

బిష్కెక్
అక్టోబరు

సల్కినాయ్ అక్కకు, మెదెర్ రాసేది.

నన్ను తిట్టుకుంటూనే ఈ కవరు విప్పి ఉంటావు. తిట్టు. తుర్దుబెక్ అన్న మన పెదనాన్న కొడుకు, నాకీ ఉద్యోగం పెట్టించినవాడు. ఆయన గోతిలో గుప్పెడు మట్టి వెయ్యడానికి కూడా నేను రాలేదు. ఊళ్లో మగవాళ్లంతా కర్రల మీద వాలి "నా రక్తమా, నా రక్తమా" అని ఏడుస్తూ శవం ఉన్న గుడారం దగ్గరికి నడుస్తుంటే, ఆ వరసలో నా చోటు ఖాళీగా ఉండి ఉంటుంది. ఎవరేమన్నారో రాయకు, ఊహించుకోగలను.

కబురు తెలిసిన రోజు నుంచి మా ఆఫీసులో ఎవరినీ ఊరు దాటనివ్వలేదు. హత్య మీద విచారణ సంఘం వేశారు. దాని కాగితాలన్నీ మా టైపు విభాగానికే వస్తున్నాయి. సెలవడిగితే పెద్దసారు నా భుజం మీద చెయ్యేసి, "మీ అన్న కోసమే కదయ్యా నువ్వు పనిచేస్తోంది, అంతకన్నా పెద్ద ఏడుపేముంది?" అన్నాడు. నిజమే అనిపించింది.

హంతకుడు దొరికాడని రేడియోలో వినే ఉంటావు. పై కనుమలో గొర్రెలు కాసే సాత్కిన్. మేతబీడు తగాదాలో అన్న తనవైపు మాట్లాడలేదని కక్ష పెట్టుకుని, గుట్ట మీద నుంచి వేట తుపాకీతో కాల్చాడట. ఒప్పుకున్నాడు కూడా. ఇక్కడ రాజధాని బజారులో మాత్రం వేరే గుసగుసలు. డ్యాము నీళ్లు ఎటు పోయాయని, ఎవరికి అమ్మారని అన్న పార్లమెంటులో అడిగాడు కాబట్టి చంపించారట. క్యారెట్లమ్మే ఆవిడ కూడా నాకు చెప్పబోయింది. మనవాళ్లకు కరెంటు పోయినా ప్రభుత్వమే, పాలు విరిగినా ప్రభుత్వమే. నువ్వు అవన్నీ నమ్మి బుర్ర పాడుచేసుకోకు.

శోకం నువ్వే పాడావట. నీ గొంతు విని మగవాళ్ల చేతుల్లో కర్రలు జారిపోయాయని వ్యాను డ్రైవరు జుమాష్ చెప్పాడు. కాసిం బావ ఎలా ఉన్నాడు?

నీ తమ్ముడు

---

సారీ-బెల్
నవంబరు

తమ్ముడు మెదెర్‌కు,

తిట్టమన్నావు కాబట్టి తిట్టను. నీకా సుఖం ఎందుకివ్వాలి. నీ చోట తను నిలబడతానని బాత్మా పిన్ని కర్ర పట్టుకుని మగవాళ్ల వరసలోకి బయల్దేరింది. పట్టుకొచ్చి లోపల నా పక్కన కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మీ బావ సంగతి అడిగావు. శవాన్ని కడిగినవాళ్లలో ఆయన ఒకడు. నీళ్లు పోసింది ఆయనే. కడిగినవాళ్లకు పోయినవాడి బట్టలు పంచుతారు కదా, ఆయన వంతుకు అన్న నల్లకోటు వచ్చింది. తెచ్చి మేకుకు తగిలించాడు. ఒక్కసారి కూడా వేసుకోలేదు. దానికి వీపు పెట్టి కూర్చుని టీ తాగుతాడు.

కడిగినవాడు చూసింది పోయినవాడితోపాటే మట్టిలోకి పోవాలి. అది నాకూ తెలుసు, అందుకే అడగలేదు. మొన్న కొట్టంలో పాలు పితుకుతుంటే తనే వచ్చి నా వెనక నిలబడ్డాడు. "సల్కినాయ్, అన్న చెవి వెనక జుట్టు కమిలిపోయుంది. గుట్ట మీంచి కాలిస్తే జుట్టెందుకు కాలుద్ది?" అన్నాడు. అనకూడని మాట అనేశానని ఆ రోజంతా రొట్టె ముక్క ముట్టలేదు.

పోనీ ఆ సాత్కిన్ నీకు తెలియనివాడా? కళ్లకు పొరలు కమ్మి తన గొర్రెనే పక్కవాడి గొర్రె అనుకుని తరిమేసే మనిషి. వాడు గుట్ట మీద నుంచి గురి చూసి కొట్టాడట. ఊళ్లో ఈ మాట విన్నవాళ్లు ముందు నవ్వారు, తర్వాత ఇళ్లకెళ్లి తలుపులేసుకున్నారు.

జుట్టు మాట నీకు తప్ప పుట్టిన పురుక్కి చెప్పలేదు. నువ్వు ఆ కాగితాల మధ్యే కూర్చున్నావు. వాటిలో ఆ సంగతి ఉందో లేదో చూసి రాయి.

మీ అక్క

---

బిష్కెక్
డిసెంబరు

అక్కకు,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ మంచు బాగా పడుతోంది. సాయంత్రం కరెంటు తీసేస్తున్నారు. మెట్ల మీద అగ్గిపుల్లలు గీసుకుంటూ గదికి చేరుతున్నాను. మంత్రిగారు టీవీలో కోతలు లేవని చెబుతుండగానే టీవీ ఆరిపోయింది, మా అంతస్తంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, తర్వాత ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాను.

మచ్చల ఆవు ఈనిందా? గొర్రెలకు మేత సరిపోతుందా? బాత్మా పిన్ని మోకాళ్లు ఎలా ఉన్నాయి?

నీ ఉత్తరాలు పొడుగ్గా ఉంటున్నాయి. చలికాలం, దీపం వెలుగులో కళ్లు పాడవుతాయి. చిన్నగా రాయి. పశువుల గురించి రాయి చాలు.

మెదెర్

---

సారీ-బెల్
జనవరి

గౌరవనీయులైన మెదెర్‌బెక్ గారికి,

మచ్చల ఆవు ఈనింది. పెయ్య. మేత సరిపోతుంది. పిన్ని మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. మీరు అడిగినవాటికి జవాబులు అయిపోయాయి.

ఇప్పుడు మీరు అడగనిది. కాసింను జిల్లా పోలీసుస్టేషనుకు పిలిపించారు. పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చారట, మర్యాదగానే. తర్వాత అక్కడి అధికారి, "జుట్టు గురించి నీ పెళ్లాంతో ఏం చెప్పావయ్యా?" అని అడిగాడట. ఏం చూశావని కాదు. పెళ్లాంతో ఏం చెప్పావని. ఆ మాట ఆయన కొట్టంలో నాకు చెప్పాడు. నేను మీకు రాశాను. కొట్టంలో మూడో మనిషి లేడు, ఆవు తప్ప. ఆవును మేం అనుమానించడం లేదు.

ఏమీ చూడలేదని రాసిచ్చి సంతకం పెట్టి వచ్చాడు. ఇంటికొచ్చాక నా ముఖం చూడటం లేదు. తప్పు నాది. కడిగినవాడు మట్టిలో పెట్టాల్సిన మాటను నేను కవరులో పెట్టాను.

ఊరు సంగతి కూడా వినండి, పై ఆఫీసువాళ్లకు పనికొస్తుంది. గొర్రెలకు సూదులు వెయ్యడానికి ప్రభుత్వ డాక్టర్లు వచ్చారు. అంత మంచులోనూ జనం మందల్ని తోలుకుని కొండల్లోకి పోయారు. బాత్మా పిన్ని వాకిట్లో నిలబడి, "మనిషి ఎట్టా చచ్చాడో చెప్పలేనోళ్లు, సూదిలో ఏముందో చెబుతారా?" అంది. మందల్లో ఇప్పుడు రోగం తిరుగుతోంది. సూది మంచిదే అయ్యుండొచ్చు. ఎవరికి తెలుసు.

సల్కినాయ్

---

బిష్కెక్
ఫిబ్రవరి (జుమాష్ చేతికిచ్చి పంపుతున్నాను)

అక్కా,

నన్ను "గారు" అన్నావు. చిన్నప్పుడు నన్ను వీపున కట్టుకుని ఏరు దాటించినదానివి.

నేను చెప్పలేదు. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు. నీ నవంబరు ఉత్తరం నాకు చేరేసరికి కవరు అంచున జిగురు రెండుసార్లు పూసి ఉంది. అందుకే చిన్నగా రాయమన్నాను, పశువుల గురించి రాయమన్నాను. నీకు అర్థమవుతుందనుకున్నాను. నువ్వు వేరేలా అర్థం చేసుకున్నావు. నేనే నీ స్థానంలో ఉంటే నేనూ అంతే.

జుట్టు సంగతి కాగితాల్లో ఉందా అని అడిగావు. నా చేతికొచ్చినవాటిలో లేదు. రానివాటిని నేను వెతకలేదు. మా విభాగంలో ఎవరూ వెతకరు. కాగితం వస్తుంది, టైపు చేస్తాం, పక్కన పెడతాం, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇళ్లకు పోతాం.

ఇక కింద రాసేది నా మాట కాదు, రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. సెప్టెంబరులో అన్నకు ఏడాది విందు పెడతారు కదా, దానికి ఇక్కడి నుంచి పెద్ద అతిథులు వస్తారు. మా పెద్దసారు కూడా వస్తాడు. ఆ రోజు శోకం పాడేది నువ్వేనని వాళ్లకు తెలుసు. అన్న గుర్రపుస్వారీ గురించి, మంచితనం గురించి పాడితే చాలని, పోయిన తీరు జోలికి వెళ్లొద్దని నీకు చెప్పమన్నారు.

చెప్పాను.

మెదెర్

---

సారీ-బెల్
మార్చి (పోస్టులో)

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి మనసు తేలికపడింది. ఏదేదో ఊహించుకున్నాను చూడు, పల్లెటూరి బుర్ర. విందులో ఏం పాడాలో పెద్దవాళ్లు చెప్పినట్టే చేద్దాంలే.

ఒక్క సంగతి నీ చెవిన వేస్తాను. మీ బావ మనసులో పెట్టుకోలేక, చూసిందంతా టేపురికార్డరులో చెప్పి క్యాసెట్టు చేశాడు. దాన్ని బాత్మా పిన్ని సామాను కొట్లో, చుట్టి పెట్టిన ఉన్ని తివాచీల మధ్య దాచాను. నాకేదన్నా అయితే నీకు తెలిసుండాలని రాస్తున్నాను. నౌరుజ్ పండగకు గోధుమ పాయసం కాచాం. నీ పేరు మీద ఒక గిన్నె పక్కింటికి ఇచ్చాను.

మీ అక్క

---

సారీ-బెల్
ఏప్రిల్ (జుమాష్ చేతికి)

మెదెర్,

పోస్టులో ఉత్తరం వేసిన మూడో రోజే, అది నీ చేతికి చేరేలోపే, పిన్ని సామాను కొట్టు తిరగేశారు. దొంగసరుకు కోసమట. మిగతా సామాను ముట్టుకోలేదు, తివాచీలు మాత్రం ఒక్కొక్కటీ విప్పి దులిపారు. పిన్ని పక్కన నిలబడి, "నాయనా, ఎట్టాగూ దులుపుతున్నారు, ఆ మూలది కూడా దులిపి పెట్టండి, నాకు మోకాళ్లు వంగవు" అని పని చేయించుకుంది.

కాబట్టి పోస్టులో ఉత్తరాలు విప్పుతున్నారన్నది నిజం. నువ్వు చెప్పింది ఆ మేరకు నిజం. నిన్ను "గారు" అన్నందుకు సిగ్గుగా ఉంది.

అసలు క్యాసెట్టు అక్కడ లేదు. దాన్ని ఏటి ఒడ్డున పాడుబడిన పిండిమర రాతి కింద పెట్టాను. ఇది నాకు, ఇప్పుడు నీకు మాత్రమే తెలుసు. జుమాష్‌కు కవరులో ఏముందో తెలియదు.

అక్క

---

సారీ-బెల్
జూన్ (జుమాష్ చేతికి)

నా తమ్ముడికి,

మర దగ్గరికి ఎవరూ రాలేదు. రోజూ ఆవును అటువైపే తోలుకెళ్లి చూసి వస్తున్నాను. మర చుట్టూ గడ్డి ఒత్తుగా ఎదిగింది, ఎక్కడా కాలిజాడ లేదు. గడ్డి చూసి ఏడుస్తున్న ఆడదాన్ని చూసి ఆవు కూడా విస్తుపోయి ఉంటుంది.

ఇప్పుడు నిజం చెబుతాను. క్యాసెట్టు లేనేలేదు. మీ బావ ఏదీ రికార్డు చెయ్యలేదు, ఆయనకు ఆ మీట నొక్కడం కూడా రాదు. తివాచీల మాట పోస్టును పట్టుకోవడానికి, మర మాట నిన్ను పట్టుకోవడానికి. నువ్వు చిక్కలేదు. ఎంత సంతోషంగా ఉందో రాయలేను. సొంత తమ్ముడికి ఉచ్చు పెట్టినదాన్ని నువ్వు తిట్టినా పడతాను.

సాత్కిన్‌కు యావజ్జీవం వేశారని రేడియోలో చెప్పారు. వాడి భార్య పెద్దగా ఏడవలేదు. "వాళ్లకు ఎవడో ఒకడు కావాలి, మావాడు దొరికాడు" అని రొట్టెల పిండి కలుపుకుంటూ కూర్చుంది. తప్పు జరిగిందని కూడా అనుకోవడం లేదు ఇక్కడ ఎవరూ. వడగళ్లు పడినట్టు అనుకుంటున్నారు.

విందులో ఏం పాడాలో ఇంకా తేల్చుకోలేదు. మీ బావ కోటు దుమ్ము దులుపుతున్నాడు, వేసుకోవడం లేదు. నువ్వున్నావన్న ధైర్యం మాత్రం ఇప్పుడు ఉంది.

నీ అక్క

---

బిష్కెక్
జులై (జుమాష్ చేతికి)

అక్కా,

నన్ను మెచ్చుకోకు. మర రాతి మాట నేను చదవలేదు.

ఏప్రిల్‌లో జుమాష్ నీ కవరు ఇచ్చినప్పుడు దాన్ని విప్పకుండా పొయ్యిలో పెట్టాను. ఎందుకో చెబుతాను. ప్రతి వారం చివర్లో పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి, "మీ అక్క ఏం రాస్తోందోయ్?" అని నవ్వుతూ అడుగుతాడు. నాకు అబద్ధం చెప్పడం రాదని నీకు తెలుసు. మీగడ దొంగిలించిన రోజుల నుంచీ నా చెవులు ఎర్రబడిపోతాయి, నువ్వు నా చెవులు చూసి కొట్టేదానివి. ఆయన కూడా చెవులే చూస్తాడు. తెలియనిది చెప్పలేను కదా అని కాల్చేశాను. ఆ వారం అడిగితే, "అక్క ఉత్తరం కాల్చేశానండి, చదవలేదు" అన్నాను. చెవులు మామూలుగానే ఉన్నాయి. ఆయన రెండు చెవులూ చూసి పొమ్మన్నాడు.

ఈసారి జుమాష్ నా చెయ్యి పట్టుకుని, "ఇది కూడా కాల్చావంటే నేనే చదివి నీ వీధిలో అరుస్తా" అన్నాడు. అందుకని చదివాను. చదవకపోయినా బాగుండేది.

నీ ఉచ్చు నా మీద పనిచెయ్యలేదు. నేను మంచివాణ్ణని తేలలేదు, చెడ్డవాణ్ణనీ తేలలేదు. ఎవరూ రాలేదంటే నేను నోరు మూసుకున్నానని కాదు, నా దగ్గర చెప్పడానికేం లేదని. చదివి ఉంటే ఆ గదిలో ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. చాలాసార్లు ఆలోచించాను. కొన్నిసార్లు చెప్పనంటాను, కొన్నిసార్లు ఆ తలుపు మూసిన చప్పుడు గుర్తొస్తుంది.

వాళ్లు అన్నను చంపారో లేదో నాకు తెలియదు. నువ్వు తమ్ముడికి ఉచ్చు పెట్టేలా, నేను అక్క ఉత్తరం కాల్చేలా చేశారు. ఇది మాత్రం వాళ్ల పనే.

విందుకు నన్ను తీసుకొస్తున్నారు. వాళ్ల కారులో. రానంటే ఎందుకు రానంటున్నావని అడుగుతారు. నువ్వు ఏం పాడతావో నాకు రాయకు.

మెదెర్

---

సారీ-బెల్
సెప్టెంబరు (పోస్టులో)

తమ్ముడు మెదెర్‌కు,

విందు రోజు నీతో ఒక్క మాట మాట్లాడే వీలు దొరకలేదు. నువ్వు వాళ్ల కారు దిగడం గుడారం సందులోంచి చూశాను. పెద్దసారు వెనక నిలబడ్డావు. చిక్కిపోయావు. అంతవరకే చూశాను, తర్వాత లోపలికి వెళ్లి, అన్న పోయినప్పటి నుంచి నల్లబట్టల్లోనే ఉన్న వదిన పక్కన, గుడారపు ఉన్ని గోడకు ముఖం పెట్టి కూర్చోవాల్సి వచ్చింది. కాబట్టి నువ్వు చూడనివి కొన్ని, నేను చూడనివి కొన్ని. నావి రాస్తాను.

ఏం పాడాలో అప్పటికీ తేల్చుకోలేదు. నిజంగానే గుర్రపుస్వారీతో మొదలుపెట్టాను. అప్పుడు బయట మగవాళ్లలో గుసగుస లేచింది. బాత్మా పిన్ని సందులోంచి చూసి నా చెవిలో, "మీ ఆయన కోటేసుకుని వచ్చాడే" అంది. ఏడాదిగా మేకుకు వేలాడిన నల్లకోటు. సంతకం పెట్టిన మనిషి నోటితో ఏమీ చెప్పలేడు, అందుకని వేసుకుని వచ్చి వాళ్ల ఎదురుగా నిలబడ్డాడు. ఇక నా గొంతు నా మాట వినలేదు.

"గుట్ట మీంచి వచ్చిన గుండు, అన్నా,
నీ చెవి దాకా వచ్చి నిప్పు రాజేసిందా?
కన్ను కనబడని కాపరి, అన్నా,
నీ జుట్టు కమిలేంత దగ్గర నిలబడ్డాడా?
నీళ్లు పోసిన చేతులు చెప్పలేదు,
నీ కోటు చెప్పమంది, పాడుతున్నాను."

శోకం పాడే ఆడదాన్ని మధ్యలో ఆపడానికి మన దగ్గర ఎవరికీ హక్కు లేదు. అది వాళ్లకూ తెలుసు, వాళ్లూ మన అమ్మల కడుపునే పుట్టారు. పెద్ద అతిథని మర్యాదగా పెద్దసారు ముందు పెట్టిన గొర్రె తల మీద కత్తి అలాగే ఆగిపోయిందట. పాట అయిపోయాక శోకానికి బదులుగా బయట మగవాళ్ల ఏడుపు లేవాలి. లేవలేదు. అన్ని వందలమంది ఉన్నారు, గుర్రాలు తోకలాడించే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరు నోరు తెరిస్తే వాడు నా పాట ఒప్పుకున్నట్టే. భయమేసింది తమ్ముడూ, చాలా భయమేసింది.

అప్పుడొక గొంతు లేచింది. "నా రక్తమా, నా రక్తమా" అని. ఏడాది ఆలస్యంగా. అలవాటు లేని గొంతు, మధ్యలో పగిలింది. ఎవరో పోల్చుకోలేకపోయాను. పిన్ని నా తొడ గిల్లి, "ఒసేయ్, అది మనోడే" అంది. నువ్వు పెద్దసారు వెనక నుంచి నడుచుకుంటూ బయటికొచ్చావట. కర్ర లేకపోతే మీ బావ తన కర్ర నీకిచ్చాడట. నువ్వు వీపు తిప్పి గుడారం వైపు నడుస్తున్నావు కాబట్టి నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. సాత్కిన్ తమ్ముడు అదే ఏడుపు ఎత్తుకున్నాడు. తర్వాత జుమాష్. తర్వాత పొద్దున్నే పోలీసులకు గుర్రాలు అప్పిచ్చిన మా కిందింటి ముసలాయన కూడా. తర్వాత ఎవరు ఎత్తుకోలేదో చెప్పడమే తేలిక.

ఏడాది దుఃఖం ముగిసిందని వదిన నల్లబట్టలు తీసి తెల్లముసుగు వేసుకుంది. నేను బయటికి వచ్చేసరికి కార్లు లేవు, నువ్వూ లేవు. నీ అంతట నువ్వు ఎక్కావని కొందరు, ఎక్కించారని కొందరు. జుమాష్ నీ గదికి వెళ్లాడు. తాళం ఉంది. పొరుగువాళ్లు ఏమీ తెలియదన్నారు, తలుపు సందులోంచే.

మర రాతి మాట చదివి ఉంటే చెప్పేవాడివా అని నేను ఇక అడగను. నువ్వూ అడుక్కోకు. మచ్చల ఆవు పెయ్య పెద్దదైంది, నిన్ను చూస్తే పొడుస్తుంది, వచ్చి పొడిపించుకో.

ఈ కవరు నేను అంటించలేదు. ముందుగా విప్పి చదివిన అయ్యా, మీకు జిగురు శ్రమ తప్పించాను. పాటలో మీకు కావాల్సింది పైనే రాశాను, కావాలంటే ఎత్తి రాసుకోండి. పాడింది సల్కినాయ్, కోటు వేసుకున్నది కాసిం, ఎక్కడుంటామో మీకు తెలుసు. మీ చదవడం అయ్యాక ఈ ఉత్తరం మా తమ్ముడికి ఇవ్వండి. వాడు ఎక్కడున్నాడో మాకంటే మీకే బాగా తెలుసు.

సల్కినాయ్